స్త్రీలను లెక్కపెట్టని శాస్త్రము

వార్ధక్యమున స్త్రీపురుషుల మెదడులు ఒక్కరీతిగా క్షీణింపవనియు, ఆ భేదమునకు గల కారణములను శోధించుటకు ఒక విశ్వవిద్యాలయ ప్రయోగశాల పూనుకొన్నదనియు మేము ఇటీవల ఒక మిత్రగోష్ఠిలో ప్రస్తావించితిమి. వెంటనే ఒక పెద్దమనుష్యుడు, బాగుగా చదువుకొన్నవారే, నవ్వి, "భేదమున్నదని శాస్త్రజ్ఞులే యొప్పుకొన్నారు గదా! ఇక మీ సమానత్వపు మాటలకు దిక్కేది?" అనిరి. అదే గోష్ఠిలోనున్న ఒక సోదరి, స్త్రీవిద్యకై ఇరువదియేండ్లు పాటుపడిన యామె, "ఇట్టి పరిశోధనలే వలదు. రేపు వీనినే మన నెత్తిన గొట్టుదురు" అని వాపోయినది. ఒకరు సంతోషముతోను ఒకరు భయముతోను మాటలాడినను ఇరువురును చేసిన పొరపాటు ఒక్కటే. భేదమనగా తక్కువదనమని ఇరువురును నమ్మిరి. ఆ నమ్మకముతోనే మాకు పేచీ.

ముందుగా ఆ ప్రయోగశాల సంగతి చెప్పెదము. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములో నాడీవైద్య శాఖయందు ఆచార్యపదవిలో నున్న డీనా దుబాల్ అను విదుషీమణి దానిని నడుపుచున్నారు. స్త్రీల ఆయుర్దాయమేల హెచ్చు? ముదిమిలో వారి మెదడును కాపాడునదేది, చెఱచునదేది? ఆమె చేతబట్టిన ప్రశ్నలివి. ఇట్టి ప్రశ్న మన యిండ్లలో ఎవరైన ఎన్నడైన అడిగిరా? తాతగారు పోయిన పిమ్మట పదునైదేండ్లు బ్రదికిన బామ్మను చూచి "గట్టి పిండము" అని నవ్వుకొంటిమే కాని, ఆ గట్టిదనము ఎక్కడినుండి వచ్చెనని విచారింపలేదు.

మన దేహకణములలో వంశలక్షణములను మోయు క్రోమోజోములు 23 జతలు గలవు. అందు ఒక జత స్త్రీపురుష భేదమునకు మూలము. పురుషునకు ఎక్స్ ఒకటి, వై ఒకటి. స్త్రీకి రెండును ఎక్స్‌లే. స్త్రీదేహమున కణమునకొక ఎక్స్ చొప్పున చాలవరకు మూగవోయి యుండును. ఇంట రెండు దీపములున్నను ఒకటే వెలిగించి రెండవదానిని గూటిలో నుంచినట్లని మా పాఠకురాండ్రు భావింపవచ్చును. ఆ రెండవ దీపము వట్టి అలంకారమా, లేక అవసరమునకు పనికివచ్చునదా? ఈ సంగతి తేలవలెనన్న ఒక చిక్కు గలదు. ఎక్స్‌లు రెండున్నచోట అండాశయములుండును, వై యున్నచోట వృషణములుండును. కనబడిన గుణము క్రోమోజోమువలన గలిగినదో, ఆ గ్రంథులనుండి స్రవించు హార్మోనులవలన గలిగినదో విడదీయుట యెట్లు? దీనికి పూర్వశాస్త్రజ్ఞులు ఎలుకలయందు ఒక ఉపాయము కల్పించి యుంచిరి. వృషణములను పుట్టించు జీనును వై మీదనుండి తొలగించి వేఱొక క్రోమోజోముపై నిలిపిరి. దానితో ఎక్స్‌లు రెండుండియు వృషణములుగల ఎలుకలును, వై యుండియు అండాశయములుగల ఎలుకలును పుట్టుచున్నవి. మామూలు ఆడ మగ ఎలుకలతో గలిపి నాలుగు తెగలు. ఏ గుణము దేనిని వెంబడించుచున్నదో అప్పుడు కన్నులకు గట్టినట్లు కనబడును.

ఈ నాలుగు తెగలతోనే దుబాల్ బృందమువారు ఆల్జీమరు వ్యాధిని బోలిన హానిని ఎలుకల మెదడునకు కలుగజేసి పరీక్షించిరి. 2020లో ప్రకటించిన ఫలితమేమనగా, గ్రంథులు ఏవైనను సరే, ఎక్స్‌లు రెండుగల ఎలుకలు తక్కువగా చచ్చినవి, తక్కువగా మఱచినవి. కె.డి.ఎమ్.6ఎ అను నొక జీను మూగ ఎక్స్‌మీద సైతము మూగవోక పనిచేయుచుండును. కావున అది రెండు ఎక్స్‌లవారికి హెచ్చుగా దొరకును. దానిని ఒక్క ఎక్స్‌గల మగ ఎలుకల మెదడులో పెంచగా వాని జ్ఞాపకశక్తియు మెఱుగుపడినది. 2025లో ఇంకను చిత్రమైన సంగతి బయలుపడినది. మానవుల అఱువదియైదేండ్ల వయస్సునకు సరివచ్చు ఇరువది నెలల ఆడ ఎలుకలలో, జ్ఞాపకములకు నెలవైన హిప్పోకాంపసు అను మెదడుభాగమున, యావజ్జీవము మూగగా నున్న ఎక్స్ మరల మేల్కొని ఇంచుమించు ఇరువది జీనులను పలికించుచున్నదట. అందొకటి నాడీతంతువులకు కవచము గట్టుటకు తోడ్పడు పి.ఎల్.పి.1. దానిని ముసలి ఎలుకల మెదడులో పెంచగా ఆడవియు మగవియు గూడ నేర్పున మెఱుగుపడినవి.

గూటిలోని దీపము ముసలితనమున వెలుగుచున్నదన్న మాట! ముదుసలి యనగానే మూలకు నెట్టు మన కుటుంబములు ఈ మాటను రెండుమాఱులు చదువుకొనవలెను.

అయితే అదే సంవత్సరమున అదే బృందమువారు దీనికి మఱియొక ముఖమును చూపిరి. తల్లినుండి వచ్చిన ఎక్స్ మాత్రమే పనిచేయునట్లు చేసిన ఆడ ఎలుకలలో జ్ఞాపకశక్తి చిన్ననాటినుండియు కొఱవడి, మెదడు త్వరగా ముదిసినది. అనగా ఎక్స్ సర్వదా రక్షకియు గాదు, సర్వదా భక్షకియు గాదు. ఏది ఎవరినుండి వచ్చెను, ఏది మూగవోయెను, ఏది మేల్కొనెను అనుదానిపై ఫలము ఆధారపడి యున్నది. మా మిత్రుడు ఈ మూడు వ్యాసములను చదివి, ఇందు స్త్రీ తక్కువదనము ఏ పుటలో నున్నదో చూపిన యెడల మేము సంతోషముతో ఓటమి నొప్పుకొందుము.

ఆ ప్రయోగశాలలోని మనుష్యులను గూర్చి ఒక్క మాట. వార్తాపత్రికలు ఇట్టి సంగతులను ప్రకటించునప్పుడు "అమెరికా శాస్త్రజ్ఞులు కనిపెట్టిరి" అని సరిపెట్టును. మించిన అధిపతి పేరు వేయును. 2020 నాటి వ్యాసమున మొదటి పేరు ఎమిలీ డేవిస్‌ది. తల్లి ఎక్స్‌ను గూర్చిన వ్యాసమున మొదటిది సమీరా అబ్దులై-సైకు పేరు. మూగ ఎక్స్ మేల్కొనుటను గూర్చినదానిలో మొదటిది మార్గరెట్ గాడెక్ అను విద్యార్థిని పేరు. శాస్త్రవ్యాసమున మొదటి పేరనగా చేతులతో పనిచేసిన వారి పేరని లోకప్రసిద్ధము. ఇక ఏ పేరును లేనివారు వేఱే గలరు. ఎలుక ఇరువది నెలలు ముదియవలెనన్న ఇరువది నెలలును ఎవరో ఒకరు దానికి మేతవేసి, నీరుపోసి, బోను కడుగవలెను. ఆదివారమని ఎలుక ఆకలి మానదు. ఈ చాకిరి ఎట్టిదో వంటయింటి నెఱిగిన మా పాఠకురాండ్రకు మేము చెప్పనక్కఱలేదు.

ఈ ప్రయోగశాల వెనుక మఱికొందఱును నిలిచియున్నారు. 1905లో నెట్టీ స్టీవెన్స్ అను నొక అమెరికా స్త్రీ పిండిపురుగు కణములను సూక్ష్మదర్శినిలో పరీక్షించి, మగదానిలో ఒక చిన్న క్రోమోజోము గలదనియు ఆడమగ తేడాకు అదే గుఱుతనియు తేల్చినది. అదే కాలమున విల్సన్ అను ఆచార్యుడును ఇట్టి నిర్ణయమునకే వచ్చెను. పేరు చాలకాలము ఆయనకే హెచ్చుగా దక్కినది. ఆమె 1912లో రొమ్ముపుండుతో మరణించినది. 1949లో కెనడాలో బార్ అను శాస్త్రజ్ఞుడును బెర్ట్రామ్ అను ఆయన శిష్యుడును పిల్లుల నాడీకణములను పరిశీలించుచు, ఆడపిల్లి కణమున మాత్రమే ఒక నల్లని చుక్కను చూచిరి. మూగవోయిన ఎక్స్ అదియే. స్త్రీపురుష భేదము సూక్ష్మదర్శిని క్రింద ఇట్లు మొట్టమొదట కనబడినది మెదడుకణములోనే యగుట గమనింపదగినది. 1961లో ఇంగ్లండునందు మేరీ లయన్ ఎలుకల రోమములపై మచ్చలను జూచి, ప్రతి కణమునందును ఒక ఎక్స్ మూగవోవుననుటను సిద్ధాంతీకరించినది.

ఇప్పుడు మా సోదరి భయమునకు వత్తము. ఆ భయము నిష్కారణమని మే మనము. ఐరోపాలో 1861 ప్రాంతమున బ్రోకా మొదలగువారు మెదడులను తూచి, స్త్రీల మెదడు తేలికగా నున్నదని చాటిరి. 1887లో రొమేన్స్ అను ఆంగ్లశాస్త్రజ్ఞుడు అయిదౌన్సుల కొఱత జూపి స్త్రీలకు బుద్ధి తక్కువగా నుండవలెనని వాదించెను. దేహము చిన్నదైన మెదడు చిన్నదగుననుట, ఏనుగు మెదడు మనిషి మెదడుకంటె బరువనుట, మఱువరానివి. అమెరికాలో హెలెన్ గార్డెనర్ అను స్త్రీ దీని నెదిరించి 1888లో వాషింగ్టను మహాసభలో ప్రసంగించినది. తూచిన పురుషుల మెదడులు ప్రఖ్యాతులవి, తూచిన స్త్రీల మెదడులు ధర్మాసుపత్రులలో దిక్కులేక చచ్చినవారివి. ఇది ఎక్కడి తూనిక యని ఆమె యడిగినది. 1925లో తాను మరణించునప్పుడు, ఇదిగో చదువుకొన్న స్త్రీ మెదడు, దీనిని పరీక్షింపుడని తన మెదడునే కార్నెల్ విశ్వవిద్యాలయమునకు వ్రాసి యిచ్చినది. ఆలిస్ లీ అను గణితజ్ఞురాలు మఱియొక దారి త్రొక్కెను. 1898లో డబ్లిను నగరమున కూడిన శరీరశాస్త్రజ్ఞుల తలలనే కొలిచినది. ప్రసిద్ధులలో కొందఱి తలలు మిగుల చిన్నవిగా తేలినవి. కొందఱు విద్యార్థినుల తలలు వానికంటె పెద్దవి. తలల కొలతనుబట్టి బుద్ధిని లెక్కగట్టు పద్ధతికి ఆ కొలతబద్ద గట్టి దెబ్బ తీసినది.

గమనింపుడు. వీరిద్దఱును కొలత వలదనలేదు. సరియైన కొలత కావలెననిరి. మా సోదరికి మేము చెప్పునది ఇంతే. తప్పు తూనికకు మందు తక్కెడను పాఱవేయుట గాదు.

తక్కెడను పాఱవేసినందున కలిగిన నష్టమెట్టిదో చూడుడు. ఆల్జీమరు అను జర్మను వైద్యుడు 1901లో ఫ్రాంక్‌ఫర్టు ఆసుపత్రిలో పరీక్షించిన మొదటి రోగి ఔగుస్టె డేటర్ అను 51 ఏండ్ల స్త్రీ. ఆమె 1906లో చనిపోయిన పిమ్మట ఆమె మెదడునే ఆయన పరీక్షించెను. లోకమునకు ఆ వ్యాధి తెలిసినది ఆమె మూలముననే. ఐనను వార్ధక్యమును గూర్చి అమెరికా ప్రభుత్వము బాల్టిమోరులో 1958లో ఆరంభించిన దీర్ఘపరిశోధనలో 1978 వఱకు స్త్రీలే లేరు. ఇరువది యేండ్లు మగవారి ముసలితనమే మనుష్యుల ముసలితనమని చెలామణి యైనది! 1977లో ఆ దేశపు ఔషధశాఖవారు బిడ్డలను కనగల వయస్సు స్త్రీలను ఔషధముల తొలిపరీక్షలనుండి తొలగింపవలెనని ఉత్తరువు చేసిరి. 1993లో గాని దానిని త్రిప్పుకొనలేదు. జోల్పిడెమ్ అను నిద్రమాత్ర 1992లో అంగీకరింపబడి, స్త్రీల రక్తమున అది తెల్లవాఱువఱకు నిలిచియుండునని కనుగొని వారికి మోతాదు సగము చేయునప్పటికి 2013వ సంవత్సరము వచ్చినది. ఆ ఇరువది యేండ్లు ఉదయమున మత్తుతో బండ్లు నడిపిన స్త్రీల సంగతి ఎవరు వ్రాయుదురు?

ఎలుకల బోనులలోను ఇదే పక్షపాతము. నాడీశాస్త్రమున ఒకే లింగమును దీసికొని చేసిన పరిశోధనలలో, ఆడవానితో ఒకటి జరిగిన మగవానితో అయిదున్నర జరిగెనని 2011లో బీరీ, జుకర్ అను ఇరువురు లెక్క చూపిరి. కారణమడిగిన, ఆడఎలుక ఋతుచక్రమువలన ఫలితములు నిలుకడగా నుండవనిరి. అదియు వట్టిమాటయేనని 2014లో 293 వ్యాసముల పరిశీలనవలన తేలినది. ఆడఎలుకలు మగఎలుకలకంటె చంచలములు గావు. స్త్రీ చంచలయను మన కవుల మాట ప్రయోగశాల బోనులోనికి సైతము ఎట్లు దూరినదో! అమెరికా జాతీయారోగ్యసంస్థవారు తమ ధనముతో జరుగు పరిశోధనలలో రెండు లింగములను పరిగణింపవలెనని 2016లో గాని నిర్బంధము చేయలేదు.

తొందరపాటును గూడ మేము సమర్థింపము. హార్మోను మాత్రలు మ్రింగిన స్త్రీ నిత్యయౌవనవతి యగునని 1960ల నాడు అమెరికాలో పుస్తకములు వెలసినవి. 2003లో 65 ఏండ్లు దాటిన స్త్రీలపై జరిగిన గొప్ప పరీక్షలో రెండు హార్మోనులను కలిపి యిచ్చినవారికి డిమెన్షియా భయము తగ్గకపోగా రెండింతలైనది. నేడు ఎక్స్ పేరు చెప్పి ఎవరైన మాత్రలమ్మ వచ్చిన, మా పాఠకురాండ్రు వాకిటనే సాగనంపవలెను. దుబాల్ బృందమువారి ఫలితములలో పెక్కు ఎలుకలవి. ఎలుక మన యమ్మగారు గాదు. అమెరికాలో ఆల్జీమరు రోగులలో ఇంచుమించు మూడింట రెండువంతులు స్త్రీలే యనునది గూడ మఱువరాదు. రెండవ ఎక్స్ కాపాడునదైన ఇంతమంది స్త్రీలేల రోగులైరి? స్త్రీలు హెచ్చుకాలము బ్రదుకుట ఒక కారణము; వ్యాధితో సైతము చాలకాలము నిలుచుట మఱియొకటి. ఈ రెండింటితోనే లెక్క పూర్తిగా సరిపోవుననుటకు వీలులేదు. సరిపోనందుననే ఆ ప్రయోగశాల కావలెను.

ఆ బృందమువారికి క్లోథో అను మఱియొక పదార్థముపైనను పరిశ్రమ గలదు. 1997లో జపాను శాస్త్రజ్ఞులు దానిని కనుగొని, ప్రాణతంతువును వడకు గ్రీకుదేవత పేరు పెట్టిరి. మనకు బ్రహ్మ నుదుట వ్రాయును. వారికొక స్త్రీ కదురు త్రిప్పును. ఆయువును వడకు పనిని స్త్రీకప్పగించుటకు జంకని జాతి, ఆమె మెదడును తూచునప్పుడు మాత్రము అయిదౌన్సుల కొఱకు తగవులాడినది!

మన దేశపు మాట వచ్చునప్పటికి మా కలము కొంత కటువగును. మన దేశమున 60 ఏండ్లు దాటినవారిలో నూటికి 7.4గురికి, అనగా ఇంచుమించు 88 లక్షలమందికి డిమెన్షియా గలదని 2023లో ప్రకటింపబడిన సర్వే తెలుపుచున్నది. పురుషులకంటె స్త్రీలలోను, పట్టణములకంటె పల్లెలలోను హెచ్చు. ఇందులో ఎక్స్ పాలెంత? మన పాలెంత? చిన్ననాట చదువు లేకపోవుట డిమెన్షియాకు దారితీయు కారణములలో నొకటియని వైద్యలోకము నేడు ఒప్పుకొనుచున్నది. 1951 జనాభా లెక్కలలో మన దేశమున చదువను వ్రాయను వచ్చిన స్త్రీలు నూటికి 8.86, పురుషులు 27.16. 1961లో స్త్రీలు 15.35. నేడు ఎనుబదియేండ్ల వృద్ధురాండ్రు ఆ దశాబ్దములలో పలక పట్టవలసిన పిల్లలు. పలకకు బదులు చంకకు తమ్ముని, చేతికి చీపురును ఇచ్చితిమి. ఇప్పుడు ఆమె మనుమని పేరు మఱచిన, "ఆడుదాని మెదడు" అందుము! బళ్లో వేయని తండ్రిని, బడి లేని ఊరిని, ఆడపిల్లకు చదువేలనిన పెద్దలను విడిచి, నోరులేని క్రోమోజోముపై నేరము మోపుట న్యాయమా? మా మిత్రునివంటివారు భేదమును ప్రకృతి చేసినదనునప్పుడు, తాము చేసినదానిని ముందుగా తీసివేసి మిగిలినదానిని చూపవలెను. అది మర్యాదగల లెక్క.

ఈ లెక్క మన తెలుగుదేశమున చేయలేనిది గాదు. హైదరాబాదులోని నిజాము వైద్యవిజ్ఞానసంస్థలో సువర్ణా అల్లాడి గారును వారి సహచరులును 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి, రెండు భాషలు మాటలాడువారికి ఒకే భాష తెలిసినవారికంటె ఆ వ్యాధి నాలుగున్నరయేండ్లు ఆలస్యముగా వచ్చుచున్నదని 2013లో ప్రకటించిరి. చదువురానివారిలో సైతము ఆ ఆలస్యము కనబడినది. ఇంట తెలుగును అంగడిలో ఉర్దూను మాటలాడు హైదరాబాదు వృద్ధురాలు, ప్రపంచశాస్త్రమునకు పాఠము చెప్పగలదన్నమాట. కాని ఆమెను ఆసుపత్రివఱకు తీసికొనిపోవువారుండవలెను.

అక్కడనే మన తప్పు గలదు. ఇంటి యజమాని తాళపుచెవి ఒకచోట పెట్టి మఱచిన, వైద్యుని పిలుతురు. ఇల్లాలు పొయ్యిపై పాలు మఱచిన, చివాట్లు పెట్టుదురు. ఆమె అడిగినదే అడిగిన చాదస్తమందురు. త్రోవ మఱచి వీధిలో నిలిచిన దయ్యము పట్టెనందురు. థైరాయిడు కొఱత, బి12 విటమిను లోపము, చెవుడు, దిగులు మొదలగునవి గూడ మతిమఱపువలె కనబడును. వానిలో పెక్కు చికిత్సకు లొంగునవే. రక్తపరీక్షతో తేలు సంగతిని చాదస్తమను నొక్క మాటతో పాతిపెట్టుచున్నాము. ఆమెకు సేవచేయునదియు కోడలో కూతురో యగుటవలన ఆ చాకిరియు లెక్కకు రాదు. రోగియు స్త్రీయే, దాదియు స్త్రీయే. ఇరువురును జమాఖర్చులలో కనబడరు.

ఆ గోష్ఠి ముగియునప్పుడు మేము మా పెద్దమనుష్యుని, మీ తల్లిదండ్రు లెట్లున్నారని అడిగితిమి. తండ్రిగారికి మతి కొంచెము తప్పగానే నగరమునకు తీసికొనిపోయి మెదడు చిత్రములు తీయించితిమనియు, ఆయన మూడేండ్ల క్రిందట కాలముచేసిరనియు చెప్పిరి. తల్లిగారు గలరు, ఇప్పుడెవరిని గుఱుతుపట్టుట లేదు. ఆమె నెవరికి చూపితిరని అడిగితిమి. "ఆ వయస్సున ఆడవారికిది మామూలే గదా" అనిరి. ఆమెకు వయస్సెంత యని అడిగితిమి. తండ్రిగారి జన్మతిథిని, నక్షత్రమును తడుముకొనక చెప్పిన ఆయన, తల్లి పుట్టిన సంవత్సరము మాత్రము తమకు తెలియదనిరి.